దఫేదారు చెప్పని పేరు

కాటన్‌పేటలో ఆ పోలీసు దఫేదారును ఇప్పటికీ ద్రోహి అంటారు. ఆయన ద్రోహి కాదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

క్విట్ ఇండియా ఉద్యమం నడుస్తున్న నలభై రెండులో, బెంగళూరులో పాత ఊరైన పేట మైసూరు పోలీసులది, దండు అనే కంటోన్మెంటు ఇంగ్లీషువాళ్ళ పోలీసులది. పేటలో కరపత్రాలు పంచినవాళ్ళు దండులోకి వచ్చి దాక్కునేవారు. దండు పోలీసులం మేం ఎవరినైనా పట్టుకుంటే, గుర్తుపట్టడానికి పేట నుంచి ఈ దఫేదారును పిలిపించేవారు. ఆయన తలపాగా తీసి చంకలో పెట్టుకుని, మనిషిని చాలాసేపు చూసి, "ఈ మొగం నేను యాడా చూళ్ళేదప్పా" అనేవారు. ప్రతిసారీ అదే మాట.

"ఇంట్లో ఆయమ్మ మొగమన్నా చూసుండావా దఫేదారప్పా?" అని దండు స్టేషన్లో రైటరుగా ఉన్న నేనే ఎగతాళి చేసేవాణ్ణి.

ఒకరోజు మా వీధి నేతగాడి కొడుకు దొరికాడు. దఫేదారు తన మాటే అన్నారు. ఇన్‌స్పెక్టరు నావైపు తిరిగి, "నీదీ కాటన్‌పేటే కదా?" అన్నాడు. ఉద్యోగం పోతుందన్న భయంతో పేరు చెప్పేశాను. పిల్లవాణ్ణి పేటకు అప్పగించాలంటే పేట పోలీసు సంతకం కావాలి. దఫేదారే గుర్తుపట్టినట్టు ఇన్‌స్పెక్టరు నాచేత రాయించాడు.

"నలుగురు బిడ్డలుండారప్పా నాకు" అని గొణిగి ఆయన సంతకం పెట్టారు.

పిల్లవాడు జైల్లో జ్వరమొచ్చి పోయాడు. దఫేదారు డ్యూటీకి వెళ్ళేటప్పుడల్లా ఆ తల్లి వాకిట్లోకి వచ్చి, "నా బిడ్డను పట్టిచ్చినోడు పోతా ఉండాడు, చూడండి!" అని అరిచేది. ఆయన తల వంచుకుని నడిచేవారు, నా పేరు మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

ఆ తల్లి మా ఇంటికీ వచ్చేది. "నువ్వు ఆ పొద్దు స్టేషన్లోనే ఉండావు కదప్పా, నా బిడ్డ కడాకు ఏమన్నాడు?" అని అడిగేది. నేను మంచినీళ్ళిచ్చి పంపేవాణ్ణి.