తొమ్మిది మందిమి పరిగెత్తిన ఒక్క పరుగు

ఆ రోజుల్లో మా కొండల్లో ఆడపిల్ల ఒంటరిగా ఎక్కడికీ వెళ్లేది కాదు. ఎవరో కట్టడి చేశారని కాదు, అలా వెళ్లొచ్చన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. ఊటనీళ్లకు పదిమందిమి, కట్టెలకు పదిమందిమి, డుంబ్రిగుడ సంతకైతే ఊరు ఊరంతా ఒకరి వెనుక ఒకరు. దారిలో ఒక్కతే ఎవరైనా ఎదురైతే "ఏటయిందే, ఇంటికాడ ఎవులికైనా బాగోలేదేటి?" అని అడిగేవాళ్లు. (పులి భయం ఒక కారణం. కబుర్లు చెప్పుకోవడానికి పక్కన మనిషి ఉండాలి కదా అన్నది అంతకన్నా పెద్ద కారణం.) అలాంటి మా మధ్యకు, మనిషి ఒక్కతే పరిగెత్తాల్సిన ఆట ఒకటి అమెరికా నుంచి ట్రంకుపెట్టెలో వచ్చి పడింది.

ఆ పెట్టె మా చిన్న దొరసానిది. మా నాన్న మైదాన ప్రాంతం నుంచి వచ్చి కొండమీద స్థిరపడిన మిషన్ ఉపదేశి కావడంతో నన్ను అరకు దగ్గర ఆడపిల్లల బోర్డింగు బడిలో వేశారు. అక్కడ మాకు చదువు చెప్పడానికి వచ్చిన పడుచు అమెరికా ఆవిడే చిన్న దొరసాని. తెలుగు మా దగ్గరే నేర్చుకుందేమో, అచ్చం మాలాగే "బేగి రండే గుంటల్లారా" అని పిలిచేది. ఆమె పెట్టెలోంచి బట్టలకన్నా ముందు ఎర్రదారంతో కుట్టిన గట్టి బంతి ఒకటి తీసింది. దాని పేరు బేస్‌బాల్ అంది. బ్యాటు మాత్రం బడి వడ్రంగి పనసకర్రతో చెక్కిపెట్టాడు. బడి మైదానం నాలుగు మూలలా నాలుగు గోనెసంచులు పరిచారు. ఒకరు విసిరిన బంతిని ఇంకొకరు కొట్టాలి, కొట్టినవాళ్లు అవతలివాళ్లు బంతి తెచ్చి తాకించేలోగా నాలుగు గోనెలూ చుట్టి రావాలి. అలా వస్తే ఒక పరుగు. ఇంతే ఆట.

మొదటి రోజు మాలో అందరికన్నా వేగంగా పరిగెత్తే పిల్ల (దాన్ని గాలిగుంట అనేవాళ్లం) బంతిని కొట్టి మొదటి గోనె వైపు పరుగు తీసింది. దాని వెనకాలే మేమందరం పరిగెత్తాం. చిన్న దొరసాని తలపట్టుకుంది. "అదొక్కతే ఎల్లాలి. మీరు ఇక్కడే ఒల్లకోండి" అంది. గాలిగుంట రొప్పుతూ ఆగి, "ఒక్కదాన్నే ఎలాగెల్తానమ్మా? తోడు రానీండి" అంది. ఆ అలవాటు మాన్పించడానికి ఆవిడకు ఒక వర్షాకాలం పట్టింది. అందరికీ మానింది, నాకు తప్ప. సామలు దంచిన చేతులేమో కొట్టడానికి బాగానే ఆడేవి. బంతి చెట్లు దాటి పోయేది. నేను మాత్రం మొదటి గోనె మీదకు చేరి, ముందున్న ఖాళీ నేలను చూసి, కాళ్లాడక అక్కడే నిలబడిపోయేదాన్ని. బొద్దుగా ఉండేదాన్ని కాబట్టి ఆయాసం అనుకునేవాళ్లు. ఆయాసమని నేనూ అనేదాన్ని.

ఇదిలా ఉండగా కొండ కింది నుంచి మిషన్ బళ్లన్నీ తనిఖీ చేసే పెద్ద దొరసాని వచ్చింది. ఈవిడ తెలుగు బైబిలు చదివి నేర్చుకున్నది. చీరలు గోచీగా దోపుకుని మట్టికొట్టుకున్న మమ్మల్ని కళ్లజోడులోంచి చూసి, "ఇది క్రమము లేని ఆట. స్త్రీలకు తగినది కాదు. సాయంకాలము వీరు లేసు అల్లవలెను" అంది. నేను అల్లిన లేసు కుక్క లాగిన వలలా ఉండేది, దాన్ని విప్పించి మళ్లీ అల్లించేవాళ్లు, విప్పడమే నాకు బాగా వచ్చిన విద్య. అదీగాక ఆ సాయంత్రాలు పోతాయంటే మా అందరికీ ఏడుపొచ్చింది. చిన్న దొరసాని బతిమాలింది. చివరికి పెద్ద దొరసాని ఒక మాటకు ఒప్పుకుంది. వేసవికి చల్లదనం కోసం అమెరికా దొరసానులు కొందరు కొండెక్కుతున్నారు, వాళ్లతో ఒక ఆట ఆడండి, నేను కూర్చుని చూస్తాను, క్రమము కనిపించిందా సరే, లేదా లేసు.

దొరసానులు శృంగవరపుకోట నుంచి డోలీల్లో వచ్చారు. పొడవాటి మనుషులు, చేతులకు తోలు తొడుగులు. వాళ్లలో ఎర్రజుట్టావిడ ఒకతె బంతి విసిరితే కంటికి ఆనేది కాదు. ఆట మైదానం పక్కనే సంత జరిగే రోజున పెట్టారు కాబట్టి సంతంతా లేచి మైదానం చుట్టూ చేరింది. తుడుం వాయించేవాళ్లు తుడుంతో సహా వచ్చారు. తీర్పరి మా లెక్కల మాస్టారు. మహా కచ్చితమైన మనిషి. పండగ సెలవుల్లో ఊళ్లో మేం థింసా ఆడామని తెలిసి పేర్లు రాసి మరీ పైకి పంపినవాడు. (బోర్డింగులో థింసా నిషేధం. అన్యుల నాట్యమట. ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసి, వరసగా అడుగు ముందుకూ వెనక్కూ వేసే ఆ ఆటలో మాకు పాపం ఎక్కడుందో తెలిసేది కాదు.) ఆయన గోనె మీద నిలబడి, గొంతు సవరించుకుని, "ఒకపక్క అమెరికా, ఒకపక్క అరకు" అని ప్రకటించాడు. జనం గట్టిగా అరిచారు. అమెరికా అంటే బొర్రా కన్నా కొంచెం దూరమని చాలామంది ఉద్దేశం.

మేం అనుకున్నంత అధ్వానంగా ఏం ఆడలేదు. గాలిగుంట ఒక్కతే బోలెడు పరుగులు తెచ్చింది. చివరి వంతుకు వచ్చేసరికి మేం ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం (సమానమైతే గెలుపు పిల్లలదేనని దొరసానులు ముందే ఒప్పుకున్నారు), ఇక కొట్టడానికి మిగిలింది నేను. నా వెనకాల ఎవరూ లేరు. కుర్చీలో పెద్ద దొరసాని ముఖం చూశాను. లేసు కండెలు కనిపించాయి.

ఎర్రజుట్టావిడ విసిరింది. నేను కళ్లు మూసుకుని కొట్టాను (చిన్న దొరసాని తెరవమనే చెప్పింది). బంతి జనం మీదుగా లేచి సంతలో ఉల్లిపాయల రాశిలో పడింది. ఎర్రజుట్టావిడ అటు పరిగెత్తింది. ఉల్లిపాయలమ్మే అవ్వ, "ఏటి కావాలమ్మా, ముందు బేరం సెప్పు" అంటూ రాశికి అడ్డం కూర్చుంది. ఆ వ్యవధిలో ముసలెద్దయినా నాలుగు గోనెలూ చుట్టి వచ్చేది. నేను మొదటి గోనె చేరాను. ముందు ఖాళీ నేల. చుట్టూ జనం, అందరూ నన్నొక్కదాన్నే చూస్తున్నారు. నా కాళ్లు నేలలోకి దిగిపోయాయి.

"ఎల్లవే, బంతి దొరికేత్తాది" అని గాలిగుంట అరిచింది. వినిపిస్తోంది. కదలలేకపోతున్నాను. ఏడుపొక్కటే తక్కువ. అది చూసి గాలిగుంట లేచింది. దాని వెనక మిగిలినవాళ్లంతా లేచారు. గాలిగుంట పరిగెత్తుకొచ్చి నా పక్కన చేరి, నా నడుం వెనక చెయ్యి వేసి, "పదవే, మేం ఉన్నాం కదా" అంది. అంతే, నా కాళ్లకు ప్రాణం వచ్చింది. తొమ్మిది మందిమి, ఒకే రంగు మిషన్ చీరలు, చేతులు పెనవేసుకుని కదిలాం. అది చూసి తుడుం వాళ్లు ఊరుకుంటారా? దరువు అందుకున్నారు. దరువు పడ్డాక మా కాళ్లు మా మాట వినలేదు. గెలవాల్సిన పరుగులో మూడడుగులు ముందుకీ ఒకడుగు వెనక్కీ వేసుకుంటూ రెండో గోనె దాటాం. ఉల్లిపొట్టుతో సహా బంతి పట్టుకుని ఎర్రజుట్టావిడ వచ్చేసింది. కానీ ఎవరికి తాకించాలి? చివరి పిల్లకు తాకించింది. ఆ పిల్ల అడుగు తప్పకుండానే "నాను కాదమ్మా, అదిగో మధ్యలోది" అని నిజాయితీగా చూపించింది. ఆవిడ మధ్యకు వచ్చేలోగా వరస వంపు తిరిగింది. అలా తిరుగుతూ తిరుగుతూ నాలుగో గోనె మీదకు అందరం ఒకేసారి చేరాం.

పెద్ద దొరసాని కుర్చీలోంచి లేచింది. తుడుం ఆగింది. అప్పుడు గాని మేం చేసిందేమిటో మాకు తెలియలేదు. నిషేధించిన ఆట, ఆమె కళ్లముందే, బడి మైదానంలోనే. చిన్న దొరసాని ముఖం పాలిపోయింది. "మాస్టరు గారు, ఇది ఏమి?" అని పెద్ద దొరసాని అడిగింది. లెక్కల మాస్టారు మమ్మల్ని చూశాడు. ఒక్కొక్కళ్లనే చూశాడు. ఆయన కచ్చితంగా పేర్లు చెప్పేస్తాడని నేను కళ్లు మూసుకున్నాను. కండువాతో ముఖం తుడుచుకుని ఆయన, "డ్రిల్లండి" అన్నాడు.

పెద్ద దొరసాని ముఖం వికసించింది. "ఈ దినమున నేను చూచినవాటిలో క్రమము గలది ఇది ఒక్కటే" అంది. ఒక్క పాదమైనా తప్పలేదనీ, అందరూ ఏకమనస్సుతో నడిచారనీ మెచ్చుకుంది. ఇక లేసు అక్కర్లేదు, ప్రతి సాయంకాలం గంటసేపు ఈ డ్రిల్లే చేయాలి, తుడుం కూడా ఉండవచ్చు. ఆ కర్రతో కొట్టే ఆట మాత్రం బీరువాలో పెట్టి తాళం వేయాలి.

పరుగు సంగతి ఏమిటని ఎర్రజుట్టావిడ అడిగింది. ఒక్కరు రావాల్సిన చోట తొమ్మిది మంది రావడం చెల్లదనీ, నేను అవుటనీ మాస్టారు తీర్పు చెప్పాడు. ఒక రోజులో ఒక్క అబద్ధానికి మించి ఆడలేని మనిషి. అమెరికా గెలిచింది. అయినా ఆ దొరసానులు వెళ్లే ముందు చేతులు పెనవేసి మాతో రెండు చుట్లు తిరిగి మరీ డోలీలెక్కారు. ఎర్రజుట్టావిడ వెనకడుగు ఎప్పుడూ తప్పేసేది.

చిన్న దొరసాని బంతిని గుడ్డలో చుట్టి బీరువాలో పెడుతుంటే నాకు చాలా బాధేసింది. నావల్లే కదా అన్నాను. ఆవిడ నవ్వి, "పోనీలేవే. రేపు నాకూ పక్కన సోటుంచు" అంది. మర్నాటి నుంచి డ్రిల్లులో ఆవిడ నా ఎడమపక్క.

పెళ్లయ్యాక కొండ దిగి వచ్చేశాను. ఒంటరిగా నడవాల్సిన దారులు చాలానే వచ్చాయి, నడిచాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, గోనె మీద బిగుసుకుపోయిన ఆ బొద్దు గుంట మీద నాకు కోపం రాదు, ముద్దొస్తుంది. ధైర్యం చేసి ఒక్కతే పరిగెత్తి ఉంటే ఆట తప్పకుండా గెలిచేవాళ్లం. గెలిచిన తొమ్మిది మందిమీ మర్నాటి సాయంత్రం నుంచి తలలు వంచుకుని, ఎవరి మూల వాళ్లం కూర్చుని, లేసు అల్లుతూ ఉండేవాళ్లం.