పాయలో తేలి వచ్చినవి

తుపాను కొబ్బరితోటల్ని పడగొట్టిన మరుసటి ఏడాది. రాజోలుకు దిగువన, వైనతేయ పాయ పక్కనున్న పేటలో సరోజిని ఓ మిట్టమధ్యాహ్నం బట్టలు ఉతుకుతోంది. గుర్రపుడెక్క సందుల్లోంచి ఎర్రగా ఏదో తేలుతూ వచ్చి రేవురాతికి తగిలింది. చిన్న చెయ్యి. ఐదు వేళ్ళు.

సరోజిని మంత్రసాని. పేటలో కుర్రకారంతా ఆమె చేతుల్లో పడ్డవాళ్ళే. పురిట్లో పోయిన బిడ్డల్నీ ఆమే గుడ్డలో చుట్టింది. అందుకే వెనకాడకుండా నీళ్ళలోకి దిగి, దాన్ని కొంగులోకి ఎత్తుకుంది. తల ఇటు తిప్పి చూసింది. నోట్లో కోరలున్నాయి. వెనక పొడుగాటి తోక. నిలువునా తోలు ఒలిచేసిన నీటికుక్క అది, మడలో చేపలు పట్టుకు తినే జంతువు.

తర్వాత కూడా అలాంటివి వస్తూనే ఉన్నాయి. ఎవరో పసిబిడ్డల్ని పాయలో పారేస్తున్నారని పుకారు లేచింది. ఆడవాళ్ళు రేవుకు రావడం మానేశారు. పొద్దు వాలితే మడ అడవిలోంచి సన్నటి ఈలలు; పిలుపే తప్ప బదులుండేది కాదు. సరోజిని చెల్లెలి కోడలు జాయ్ నిండు చూలాలు. తలుపు గడియ తీసేది కాదు.

"అవి నీటికుక్కలే అమ్మా. తల్లుల్ని ఎవరో చంపేత్తన్నారు, కూనలు పిలుత్తన్నాయి" అని నచ్చజెప్పింది సరోజిని.

జాయ్ తల దించుకుంది. "ఎవరో కాదండీ అత్తయ్యగారూ. మీ అబ్బాయేనండి, మా ఆయనే."

మర్నాడు సరోజిని దోనె వేసుకుని మడలోకి వెళ్ళింది. వెదురు చట్రాలకు బిగించిన తోళ్ళు గాలికి ఉబ్బి, మళ్ళీ లోపలికి పీల్చుకుంటున్నాయి, ఇంకా ఊపిరి ఉన్నట్టు. వాటి మధ్య జాయ్ మొగుడు ఆనందరావు కూర్చున్నాడు. ఎదురుగా నీళ్ళలో నాలుగైదు తలలు నిటారుగా లేచి, కదలకుండా అతన్నే చూస్తున్నాయి.

"ఎప్పట్నించిరా ఇలాగ?"

"మొదట్నించీ రోజూ ఇలాగే చూత్తన్నాయండి పెద్దమ్మా. నేను తలెత్తను. పడవ తుపానులో పోయింది. ఉన్న వల ఇయ్యే కొరికేసేయి. తోళ్ళిత్తే లాంచీలో వచ్చే షావుకారు బియ్యం ఇత్తన్నాడు. ఏం తినమంటారు?"

సరోజిని బురదలోనే చతికిలబడింది. తర్వాత లేచి గొయ్యి తవ్వడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆనందరావూ పార అందుకున్నాడు. తోలు ఒలిచి పడేసిన కళేబరాల్ని ఇద్దరూ కలిసి పూడ్చారు.

సరోజిని అమలాపురం వెళ్ళి అటవీశాఖ అధికారి కామేశ్వరరావుని కలిసింది. "మా ఆనందరావుని జైల్లో ఎడితే ఇంకోడు ఉచ్చు పన్నుతాడండి. వలలు ఇప్పించండి బాబూ, మా వోళ్ళే కాపలా కాత్తారు."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఆమె తిరిగింది, తిరిగింది. చివరికి ఓ స్వచ్ఛంద సంస్థ వలలు ఇచ్చింది. నీటికుక్కలు కొరికిన వలలకు బదులు కొత్తవి ఇస్తామని మాటిచ్చింది. మడకు కాపలాదారులుగా పేటవాళ్ళనే పెట్టారు. మొదటివాడు ఆనందరావే. అందరూ మెచ్చలేదు. నీటికుక్కలు వల చింపేస్తే, బదులు వల వెంటనే అందని మత్తయి ఆమెతో మాట మానేశాడు. కూతురి పురుటికి పిలవలేదు. అది ఆమెకు చాన్నాళ్ళు ముల్లులా గుచ్చుకుంది.

మరో వర్షాకాలం వెళ్ళాక, పొగమంచులో లాంచీ వచ్చింది. "తోళ్ళున్నాయా?" షావుకారు కేకేశాడు.

ఒడ్డున పేటంతా నిలబడి ఉంది. ఈమధ్యే కొత్త వల అందిన మత్తయి కూడా. ఎవరూ పలకలేదు, ఎవరూ కదల్లేదు. షావుకారు ఇంకోసారి అడిగాడు, ఈసారి గొంతు తగ్గించి. ఆ తర్వాత లాంచీని వెనక్కి తిప్పించాడు.