నొక్కడం ఆపని చేతులు

ఆ బడిలో ఆమెను అందరూ గుండు టీచరు అనేవారు. కొత్తగా చేరిన పిల్లలు ఆ పేరు విని నున్నటి తల కోసం వెతికేవారు. తీరా చూస్తే బారెడు జడ, దాని కింద వస్తాదు భుజాలు. చదువుకునే రోజుల్లో ఆమె ఇనుప గుండు విసిరేది. పోటీలకు వెళ్ళి పతకాలు తెచ్చింది. ఆ భుజాలే ఆమెకు ఆటల టీచరు ఉద్యోగం తెచ్చిపెట్టాయి. గొంతు కూడా భుజాలకు తగినదే. మైదానం ఈ చివర ఆమె ‘ఏయ్’ అంటే, ఆ చివర గోడ దూకబోయేవాడు గోడ మీదే కూర్చుండిపోయేవాడు.

ఆమె భర్త గడియారాలు బాగుచేస్తాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట. “మా ఆవిణ్ణి నా బల్ల దగ్గరికి రానివ్వనండీ. ఆవిడ చెయ్యి పడితే చిన్నముల్లూ పెద్దముల్లూ ఒకటైపోతాయి” అని వచ్చినవాళ్ళతో అంటుండేవాడు.

ఒకసారి ఆటల టీచర్లందరినీ శిక్షణకు పిలిచారు. గుండె ఆగిపోయిన పిల్లలకు ఛాతీ నొక్కి ప్రాణం ఎలా నిలబెట్టాలో నేర్పే శిక్షణ. నేర్పేది పిల్లల ఆసుపత్రి నర్సు, గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంది. నేల మీద రబ్బరు బొమ్మ. ఇదెంత పని అనుకుని గుండు టీచరు మోకాళ్ళ మీద కూర్చుని దబదబా నొక్కింది.

“బలం బ్రహ్మాండంగా ఉందండీ. కానీ పిల్ల బతకదు” అంది నర్సు.

“ఎందుకు బతకదు?”

“నొక్కుతున్నారు గానీ వదలట్లేదు. మీ బరువంతా ఛాతీ మీదే ఆనించేస్తున్నారు. ఛాతీ పూర్తిగా పైకి లేస్తేనే గుండెలోకి రక్తం చేరేది. ఖాళీ బిందెని ఎంత వంచితే ఏం వస్తుంది?”

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ బొమ్మను బతిమాలి అరువు తెచ్చుకుని ఇంట్లో సాధన మొదలుపెట్టింది. ఛాతీ మందంలో మూడోవంతు లోపలికి దిగాలి. దిగినంతా తిరిగి లేవాలి. వేగం తగ్గకూడదు. మధ్య మధ్య ‘లేచిందా, లేచిందా’ అని ఆగి చూడకూడదు. పిల్లలైతే నోట్లో ఊపిరి ఊదడం కూడా మరవకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంకొకరు ఉంటే చేతులు మార్చుకోవడం. ఎందుకంటే అలసిపోయిన చేతికి తాను అలసిపోయానని తెలియదు.

తాను నేర్చుకుని ఊరుకుంటే ఆమె గుండు టీచరు ఎందుకవుతుంది? బళ్ళో ప్రతివాళ్ళ వెంటా పడింది. లెక్కల మాస్టారు చేతులు జోడించేశాడు.

“లసాగులు చెప్పుకునేవాణ్ణి. నాకెందుకమ్మా ఈ బొమ్మలాట?”

“మీ క్లాసులో పిల్ల పడిపోతే లసాగు కట్టి లేపుతారా మాస్టారూ? కూర్చోండి.”

ఆయన మొహం పక్కకు తిప్పుకుని నొక్కాడు. ప్రిన్సిపాల్‌కు మాత్రం ఈ వ్యవహారం మింగుడుపడలేదు. “పిల్లల్ని చేర్పించడానికి వచ్చినవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? మన బళ్ళో పిల్లలు చచ్చిపోతారనుకోరూ?”

“పిల్లలు ఎక్కడైనా పడిపోతారండీ. ఇక్కడ లేపేవాళ్ళున్నారనుకుంటారు.”

ఆయన ఆపమన్నాడు. ఆమె ఆపలేదు.

ఒక సాయంత్రం, బడి వదిలే వేళకు, హాకీ ఆట నడుస్తోంది. పిచ్చుక అని అందరూ పిలిచే పదేళ్ళ పిల్ల బంతికి అడ్డం వెళ్ళింది. బంతి లేచి ఛాతీ నడిమధ్య తగిలింది. అదేమంత పెద్ద దెబ్బ కూడా కాదు. పిచ్చుక ఎవరో పిలిచినట్టు తలెత్తి చూసింది, రెండడుగులు వేసింది, మొహం మీద కుప్పకూలింది.

గుండు టీచరు ఒక్క ఉరుకున వెళ్ళి వెల్లకిలా తిప్పింది. పిలిచింది, భుజం తట్టింది. ఉలుకూ పలుకూ లేదు. పిల్ల నోరు ఒకసారి చేపలా తెరుచుకుని మూసుకుంది.

“ఊపిరి తీస్తోంది!” అన్నారెవరో.

“అది ఊపిరి కాదు, గుండె ఆగినప్పుడు వచ్చే ఎగపోత. అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి!” అని అరిచి నొక్కడం మొదలుపెట్టింది.

ప్రిన్సిపాల్ కారు తాళాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మనవరాలిని తీసుకెళ్ళడానికి వచ్చి గేటు దగ్గర నిలబడిన పిచ్చుక నాయనమ్మ గుండెలు బాదుకుంటూ ఆయన వెనకే వచ్చింది.

“కార్లో వెయ్యండి! ఆసుపత్రి దగ్గరే” అన్నాడాయన. చుట్టూ చేరినవాళ్ళలో ఇద్దరు పిల్ల కాళ్ళు పట్టుకున్నారు.

“వదలండి కాళ్ళు.”

“ఇదేం మొండితనమమ్మా?”

“కార్లో ఎవరు నొక్కుతారు? ఒళ్ళో పెట్టుకుని నొక్కితే దిగదు. నేను ఆపితే దీని మెదడుకి రక్తం ఉండదు. అంబులెన్సు ఇక్కడికే వస్తుంది. వదలండంటుంటే!”

ఆ గొంతుకు వాళ్ళు కాళ్ళు వదిలేశారు. నాయనమ్మ వదల్లేదు. టీచరు జడ రెండు చేతులా పట్టి గుంజింది. “నా బంగారం ఎముకలు విరిచేస్తున్నావే! చంపేస్తున్నావే రాక్షసీ!”

తల వెనక్కి వెళ్ళింది గానీ చేతులు ఆగలేదు. ఆమెను అసలు భయపెట్టింది జడ లాగే ముసలామె కాదు, తన అరచేతులే. బొమ్మ మీద ఎన్నడూ లేని జాలి ఇప్పుడు వాటికి పుట్టుకొచ్చింది. ఇంత చిన్న ఛాతీ, ఇంత లేత ఎముకలు, కాస్త మెల్లగా, కాస్త పైపైన అని అవి బతిమాలుతున్నాయి. పిల్లలు చచ్చేది ఈ జాలితోనే అనుకుంది. పళ్ళు బిగించి లోతుగా నొక్కింది. వదిలింది. మళ్ళీ నొక్కింది.

భుజాలు మండుతున్నాయి. ఈ భుజాలు అలసిపోవని గొప్పలు పోవడానికి ఇది వేళ కాదు.

“మాస్టారూ! రండి.”

లెక్కల మాస్టారు వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. క్షణం ఎడం రాకుండా ఆయన నొక్కడం అందుకున్నాడు. ఆమె పిల్ల తల సరిచేసి, లెక్క ప్రకారం ఊపిరి ఊదుతోంది.

“ఇంకా లోతుగా మాస్టారూ.”

“నా వల్ల కాదమ్మా, చిన్నపిల్ల...”

“చిన్నపిల్లే! అందుకే నొక్కమంటున్నాను! వదలండి... నొక్కండి... పూర్తిగా వదలండి...”

ఆయన భోరున ఏడుస్తూనే నొక్కాడు. ఏడుపు ఏడుపే, లోతు లోతే. తర్వాత ఆమె, మళ్ళీ ఆయన. అంబులెన్సు మైదానంలోకే వచ్చింది. అందులోవాళ్ళు పిల్ల ఛాతీకి అట్టలు అంటించి కరెంటు షాకు ఇచ్చారు. రెండోసారికి గుండె అందుకుంది.

గుండె కొట్టుకుంటోంది గానీ పిచ్చుక కళ్ళు తెరవలేదు. ఆసుపత్రి వరండాలో నాయనమ్మ ఎదురుపడింది.

“దాని గుండెల మీద నీ చెయ్యి అచ్చు పడింది, నల్లగా. నేను బతికుండగా నిన్ను క్షమించను.”

“క్షమించకండమ్మా. అది లేచి తిరుగుతుంటే, మీరు జీవితాంతం నన్ను తిట్టుకోండి. ఎదురు మాట్లాడితే అడగండి.”

ఇంటికొచ్చాక చూసుకుంటే చేతులు పైకి లేవడం లేదు. భర్త ఆమె వెనక కూర్చుని, చిక్కులు పడిన జడ విప్పి, ఊడిన వెంట్రుకలు పక్కన పెడుతూ ఓపిగ్గా దువ్వాడు. అప్పుడు ఏడ్చింది, గట్టిగా, మైదానంలో అరిచినంత గట్టిగా.

పిల్ల ఇంకా స్పృహలోకి రాకముందే తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. ప్రిన్సిపాల్ ఆమెను ముందుగా పక్కకు పిలిచాడు. “కార్లో పంపకపోవడం పొరపాటైందని ఒక్కమాట అనెయ్యమ్మా. గొడవ సద్దుమణుగుతుంది.”

ఆమె సమావేశంలో లేచి నిలబడింది. “పొరపాటైందని చెప్పమన్నారు. కాలేదు. పిల్ల లేస్తుందో లేదో నాకు తెలీదు. లేవకపోతే నాకు నిద్ర పట్టదు. కానీ లేవకపోయినా ఇదే మాట చెప్తాను. రేపు మీ పిల్ల పడిపోయినా కార్లో వెయ్యనివ్వను. నన్ను తీసేస్తారా, తియ్యండి. అప్పటిదాకా మాత్రం మీకందరికీ నేర్పుతూనే ఉంటాను.”

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. వెనక వరసలోంచి లెక్కల మాస్టారు లేచాడు. ఆయన సభలో నోరు విప్పడం ఎవరూ ఎరగరు. “నేనూ నొక్కాను. ఆవిడని తీస్తే నన్నూ తియ్యండి” అని చటుక్కున కూర్చున్నాడు.

తీసెయ్యలేదు, మైదానం నుంచి మాత్రం తప్పించారు. లైబ్రరీ అప్పగించారు, అక్కడైతే నోరు మూసుకుని ఉంటుందని. ఆమె వార్తాపత్రికల బల్ల మీద బొమ్మను పడుకోబెట్టింది. పుస్తకం కావాలన్న ప్రతివాళ్ళూ ముందు దాన్ని నొక్కాల్సిందే. లైబ్రరీకి అంత గిరాకీ ఎన్నడూ లేదు.

ఒక ఉదయం పిచ్చుక కళ్ళు తెరిచి, “నా హాకీ కర్ర ఎవడు తీశాడు?” అంది. మెదడు చెక్కుచెదరలేదు. అంబులెన్సు వచ్చేదాకా రక్తం ఆగకుండా అందింది కాబట్టే అని డాక్టరు పిచ్చుక తండ్రికి చెప్పాడట. ప్రిన్సిపాల్ మైదానం తాళాలు ఆమె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నాయనమ్మ మాత్రం మాట మీద నిలబడే మనిషి. ఇప్పటికీ గేటు దగ్గర గుండు టీచరును చూస్తే మొహం తిప్పుకుంటుంది. టీచరు రోజూ నమస్కారం పెడుతుంది.

పిచ్చుక బడికి వచ్చింది గానీ, గుండె పరీక్షలన్నీ అయ్యేదాకా డాక్టర్లు ఆటలు వద్దన్నారు. మైదానం గీతకు బయట కూర్చుని గడ్డి పీకుతూ సణిగేది.

“టీచర్, నన్నెప్పుడు ఆడనిస్తారు?”

“డాక్టరు సరే అన్న రోజు.”

“అనకపోతే?”

గుండు టీచరు ఈల నోట్లోంచి తీసింది. “అప్పుడు ఎందుకు అనట్లేదో ఇద్దరం వెళ్ళి అడుగుదాం. అర్థమయ్యేలా చెప్పేదాకా కదిలేది లేదు. ఈలోగా గడ్డి పీకడం ఆపి స్కోరు చెప్పు.”