చివరి బెంచీ పల్లీలు

కాదు, నేను ఆమె స్టూడెంట్‌ని కాదు. ఆ కాలేజీలో నాకు సీటూ లేదు, పనీ లేదు. ఏడో తరగతిలో బడి మానేసి, నల్లగండ్లలో మా నాన్నతో పాటు ఇస్త్రీ బండి దగ్గర ఉంటాను. మేడం మా బండి ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు. ఆమె పోయారని వాచ్‌మన్ అన్న వచ్చి చెప్పేసరికి ఆమె కాటన్ చీరే నా ఇస్త్రీ పెట్టె కింద ఉంది. సగం అయింది. మిగతా సగం కూడా చేసి మడత పెట్టాను. ఎవరికి ఇవ్వాలో తెలియలేదు.

మనుషుల ముందు నాకు నోరు పెగలదు. అందుకే ఫోన్‌లో టైప్ చేస్తున్నాను. సంతాప సభలో చూసినవి ఇంకా మరిచిపోలేదు. అవీ చెప్తాను, ముందు మేడం గురించి.

గచ్చిబౌలి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్లకు ఆమె శిక్షణ ఇచ్చేవారు. వాళ్లకు సబ్జెక్టు వచ్చు. దాన్ని క్లాసులో అందరికీ అందేలా చెప్పడం ఆమె నేర్పేవారు. ముందు బెంచీలో ఇంగ్లీషు టకటకా మాట్లాడేవాళ్లకే పాఠం చెప్పి, సర్కారు బడిలో చదివి వచ్చి వెనక కూర్చున్నవాళ్లను వదిలేయడం ఆమెకు పడేది కాదు.

ఒకరోజు బట్టల మూట ఇస్తూ అడిగారు.

"అబ్బీ, రేపు ఒక గంట మా క్లాసుకొచ్చి కూర్చుంటావా?"

"నాకేం రాదు మేడం."

"వచ్చినోళ్లు శానామంది ఉండారు. రానోడే నాకు కావాల."

మా నాన్న నవ్వాడు. "పోరా, జర సేపు ఏసీల కూసో. బట్టలు నేను చూస్కుంట."

అలా నేను ఆమెకు చివరి బెంచీ అయ్యాను. కొత్త లెక్చరర్ ఒకరు పాఠం చెప్తారు, మిగతావాళ్లు స్టూడెంట్లలా కూర్చుంటారు. మేడం చెప్పులు విడిచి నా పక్కన కూర్చునేవారు. ఒళ్లో వేయించిన పల్లీల పొట్లం. కర్నూలు మనిషి కదా, బుడ్డలు అనేవారు. పాఠం చెప్పేవాళ్లు మా బెంచీ వైపు చూసి ఒక మాట మాట్లాడినప్పుడల్లా నా చేతిలో ఒక పల్లీ పెట్టేవారు. పాఠం అయ్యాక "చెయ్యి చూపించు అబ్బీ" అనేవారు. అవే పాఠం చెప్పినవాళ్లకు మార్కులు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వచ్చిన ఒక సార్ పాఠం చెప్పినప్పుడు నా చెయ్యి ఖాళీగానే ఉంది. సార్‌కు కోపం వచ్చింది.

"ఇస్త్రీ చేసే పిల్లగానికి సర్క్యూట్లు ఎట్ల అర్థమైతయి మేడం? ఇదేం పరీక్ష?"

మేడం పల్లీ నములుతూనే అన్నారు. "అర్థం కాకపోతే పోనీలే సార్. వాని మొగం సూడను కూడా సూడకపోతిరే. దానికేమంటారు?"

అందరూ నవ్వారు. సార్ అప్పుడు చూశాడు నన్ను, ఉతికినా పోని మరకను చూసినట్టు.

ఇంకో లెక్చరర్ అక్క మాత్రం ముందు నా పనేంటో అడిగింది. తర్వాత ఇస్త్రీ పెట్టె వేడెక్కాక దానంతట అదే ఎందుకు ఆగుతుందో చెప్పింది. చివర్లో "అర్థ..." అనబోతే మేడం చెయ్యెత్తి ఆపారు.

"ఆ మాట అడగొద్దు తల్లీ. తల ఊపడానికి చదువు అక్కర్లేదు. ఏం అర్థమైందో వాని మాటల్లో చెప్పమను. చెప్పేదాకా కాసుకో."

అందరూ నా వైపు తిరిగారు. నేను తల దించుకున్నాను. మేడం చూసి, "అందరూ కిటికీలోంచి బయటికి చూడండి" అన్నారు. అంత పెద్ద చదువులు చదివినవాళ్లు అటు తిరిగి రోడ్డు మీద ఆఫీసు బస్సులు చూస్తూ కూర్చున్నారు. ఎవరూ తొందర పెట్టలేదు. చాలాసేపటికి నేను మెల్లగా అన్నాను.

"లోపల రెండు రేకులు అతికించి ఉంటయి అక్కా. వేడికి ఒకటి ఎక్కువ సాగుతది. అప్పుడు రెండూ వంగి కరెంటు తెగుతది."

మేడం పొట్లంలో మిగిలినవన్నీ తీసుకెళ్లి అక్క టేబుల్ మీద పోశారు. నాకోసం అంతమంది ఆగడం నేను చూసింది ఆ క్లాసులోనే.

ఇక సంతాప సభ. బ్యానర్ మీద మేడం ఫొటో కంటే కాలేజీ పెద్దల ఫొటోలు పెద్దగా ఉన్నాయి. ఆమె క్లాసు టైం వేస్టని లిఫ్టులో నా ముందే అన్నవాళ్లు మైకు పట్టుకుని కళ్లు తుడుచుకున్నారు.

ఆరోజు నా చెయ్యి ఖాళీగా ఉంచిన ఆ సారే ఇప్పుడు మేడం బదులు శిక్షణ చూసుకుంటున్నాడు. సభ అయ్యాక నా భుజం మీద చెయ్యేసి మేడం క్లాసు గదికి తీసుకెళ్లాడు. అక్కడ కెమెరా, లైట్లు ఉన్నాయి, కొందరు లెక్చరర్లు కూడా ఉన్నారు. గోడకు దండ వేసిన మేడం ఫొటో. నా మెడలో కాలేజీ ఐడీ కార్డు వేసి ముందు బెంచీలో కూర్చోబెట్టాడు.

"మేడం పేరు మీద వీడియో తీస్తున్నం. ఇగ కొత్త లెక్చరర్లు ఇది చూస్తే చాలు, క్లాసు గిట్ల ఏముండదు. నేను అర్థమైందా అంట, నువ్వు తల ఊపు. మేడం కోసం."

మేడం కోసమట. నేను తల ఊపితే ఇక ఆ గదిలో చివరి బెంచీలో ఎవరూ కూర్చోరు. నాకు తెలిసింది అదొక్కటే.

సార్ స్లైడ్లు పెట్టి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. నా వైపు కాదు, కెమెరా వైపు. తర్వాత తిరిగి, "అర్థమైందా?" అన్నాడు.

"లేదు సార్."

కెమెరా అన్న కిసుక్కున నవ్వాడు.

"అరే, ఊపుమంటే ఊపు భై. మేడం మీద నీకు గంతేనా ప్రేమ?"

"నిజంగనే అర్థం కాలే సార్. జర మళ్ల చెప్తే వింట."

సార్ నా మెడలోంచి కార్డు తీసేసి బయట ఉన్న ఒక స్టూడెంట్‌ను పిలిచాడు. అతను ఒక్కసారికే చక్కగా తల ఊపాడు. అందరూ చప్పట్లు కొట్టారు, ఆమె ఫొటో కిందే.

నేను వెనక్కి వెళ్లాను. మా చివరి బెంచీ మీద విరిగిన కుర్చీలు, బొకేల ప్లాస్టిక్ కవర్లు పడేసి ఉన్నాయి. కింద మూలకు మాత్రం ఎర్రటి పల్లీ పొట్టు అలాగే ఉంది. ఏసీ గాలికి కొంచెం లేస్తూ, మళ్లీ అక్కడే ఆగుతూ ఉంది.

ఇంతదాకా చదివారు కదా, అర్థమైందా అని మిమ్మల్ని అడగను. మేడం ఏం నేర్పారో మీ మాటల్లో ఒకసారి చెప్తారా? నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటాను.

తొందరేం లేదు. చెప్తారా?