రెండు తిత్తుల నీళ్ళు

రాజోలు దగ్గర దిండిలో, పడవలోనే పుట్టేడని లోవరాజుని అందరూ అనేవారు. కోరంగి ఉప్పెనలో ఇల్లూ వలలూ కొట్టుకుపోయేక అతను ఓడెక్కి, వంట నేర్చుకుని, చివరికి అరబ్బుల దేశంలో ఏడెన్ రేవులో బొగ్గు వ్యాపారం చేసే ఒక దొర దగ్గర కుదిరేడు. అక్కడ బట్లరుగా ఉన్న బంగారయ్యది అమలాపురం. చుట్టరికం లేకపోయినా లోవరాజు ఆయన్ని మావా అనే పిలిచేవాడు. ఆ రేవులో తెలుగు మాట వినబడేది ఆయన నోటనే.

ఒక శనాదివారాల సెలవులో దొరకి లోపలి ఎడారి ఊళ్ళు చూడాలని బుద్ధి పుట్టింది. వంటకి లోవరాజునీ, సేవకి బంగారయ్యనీ, ముద్దుకి తన కుక్కనీ వెంటబెట్టుకుని తెల్లారగట్ల ఒంటెలెక్కించేడు.

మొదటి ఊరు చేరేసరికే లోవరాజు మొహం తిప్పుకున్నాడు. చేపల మధ్య పెరిగినవాడే, కానీ అక్కడ ఒంటెలకి మేతగా కుళ్ళిన ఎండుచేపలు పెడుతున్నారు. అవి ఊపిరి వదిలితే ముక్కు మూసుకోవాల్సిందే. కొట్లో వేలాడే మాంసం ఈగల కింద నల్లగా కనబడింది. తాగడానికిచ్చిన నీళ్ళు మేకతోలు కంపు. నోట్లో పోసుకుని ఊసేసేడు. ఇచ్చినాయన మొహం ముడుచుకోవడం చూసేడు కూడా. ఇలాంటి చోట మనుషులెలా ఉంటారు మావా అని ఆ రోజంతా ఈసడించుకుంటూనే ఉన్నాడు.

మర్నాడు రెండో ఊరు. ఉన్నది ఒకటే నుయ్యి, ఊట సన్నం. ఆడవాళ్ళు చీకటితోనే వచ్చి వరసగా కూర్చున్నారు. దొర ఊరిపెద్దతో మాటాడి, డబ్బులిచ్చి, వాళ్ళందరికంటే ముందు రెండు తోలుతిత్తులు నింపించేడు. తాగడానికే కాబోలు అనుకున్నాడు లోవరాజు. దొర చొక్కా విప్పి, అతన్ని పొయ్యమన్నాడు. ఒక తిత్తి ఆయనకి, రెండోది కుక్కకి పోసేడు.

సబ్బు నురగతో నీళ్ళు ఇసకలోకి ఇంకిపోతున్నాయి. వరసలోంచి ఒక ముసలామె లేచి వచ్చి, పైబట్టని ఆ బురదలో అద్ది, చట్టిలోకి పిండుకోవడం మొదలెట్టింది. బట్టకి కుక్క వెంట్రుకలు అంటుకున్నాయి. వాటిని వేళ్ళతో తీసేసి మళ్ళీ అద్దింది. వెనకాల ఆమె మేక నాలిక చాపుకుని నిలబడి ఉంది.

లోవరాజు తన తాగే నీళ్ళ సొరకాయబుర్ర ఆమెకి అందించేడు. ఆమె బుర్రని చూడలేదు. తడిసి ఉన్న అతని చేతుల్ని చూసింది. పక్కకి తిరిగి, ఇసకలో ఉమ్మేసి, తన పని చేసుకుంది.

అతనికి దొర తెల్లటి వీపూ, ఒళ్ళు దులుపుకుంటున్న కుక్కా, తన చేతులూ, అన్నీ ఒక్కలాగే రోత పుట్టించేయి.

సాయంత్రం ఎండ తగ్గేక దొర ఇంకో తిత్తి నింపించి, మళ్ళీ నీళ్ళు పొయ్యమన్నాడు.

"నేను పొయ్యనండీ" అన్నాడు లోవరాజు.

దొరకి తెలుగు రాదు. బంగారయ్యకి అర్థమై దగ్గరికొచ్చేడు. "దొర కొనుక్కున్న నీళ్ళు, దొర పోసుకుంటాడు. నీదేం పోయిందిరా?"

"ఆ మాట ఆవిడతో చెప్పు మావా."

బంగారయ్య తిత్తి తనే ఎత్తి పోసేడు.

తిరుగు ప్రయాణంలో దొర లోవరాజుని ఒంటె ఎక్కనివ్వలేదు. ఇసకలో నడిచి నడిచి, అరికాళ్ళు బొబ్బలెక్కి సోమవారం ఏడెన్ చేరేడు. ఆ పూటే పని పోయింది. ఎనిమిది నెలలు రేవులో బొగ్గు మోసి, కోరంగి వెళ్ళే ఓడ దొరికేక ఇంటికొచ్చేడు.

అప్పటికి గోదారి మీద ఆనకట్ట కట్టడం అయి, కాలవల్లో నీళ్ళు పారుతున్నాయి. కొత్తపేట సుబ్బాయమ్మని చేసుకుని, పడవ నడుపుకుని బతికేడు. ఇంట్లో చేపల పులుసు ఎప్పుడూ అతనే పెట్టేవాడు. ఒకసారి కాలవ పనులు చూసే దొరకి వంటవాడు కావాలని బంట్రోతు వెతుక్కుంటూ ఇంటికొచ్చేడు. లోవరాజు పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే, తనకి వంట రాదండీ అని చెప్పి పంపేసేడు. బంట్రోతు ఉడుకుతున్న పులుసుకేసి చూసి, సుబ్బాయమ్మకేసి చూసేడు.

"ఆయ్, రాదండీ" అందావిడ.