మోదుగాకులో మిరుగం

మొన్న మా కోడలు కందిపప్పు పొట్లం విప్పి చాటలో పోసి నా ముందు పెట్టింది. ఏరడానికి కాదు, నాకు పొద్దుపోవడానికి. పొట్లం మీద తాండూరు కందిపప్పు అని రంగురంగుల అక్షరాలు. కళ్లద్దాలు తుడుచుకుని మరీ వెతికాను. రాయి లేదు, బెడ్డ లేదు, పుచ్చు గింజ లేదు. "ఒక్క పురుగు కూడా లేదత్తమ్మా, మంచి పప్పు" అని కోడలు మురిసిపోయింది. మంచి మాటే, కాదనను. కానీ ఆ మాట నేను మొదటిసారి విన్నది మా మేనత్త నోట, అదీ ఏడుపు గొంతుతో. చాట పక్కన పెట్టేశాను.

మా ఊరు వికారాబాదుకూ తాండూరుకూ నడుమ ఉంటుంది. రైలు కూత వినిపిస్తుంది గానీ రైలు ఆగదు. నైజాం పోయిన ఏడు నేను అప్పుడప్పుడే అడుగులు వేస్తున్న పిల్లనట, కాబట్టి నా జ్ఞాపకాలన్నీ ఆ తర్వాతివే. మా కంది చేను నడుమ ఒక బండల మిట్ట ఉండేది. నాగలి దిగదని తాతల నాటి నుంచీ దాన్ని వదిలేశారు. దాని మీద మోదుగ, రేల, తునికి, తంగేడు తమ ఇష్టమొచ్చినట్టు పెరిగాయి. మేము దాన్ని దర్జాగా అడవి అనేవాళ్లం. ఈ చివర నిలబడి తిడితే ఆ చివరనున్నవాళ్లకు రోషం వచ్చేంత అడవి. పులి సంగతి దేవుడెరుగు, కుందేలు కూడా అందులో కాపురం పెట్టలేదు. ఉన్నదంతా పురుగూ పుట్రా. తంగేడు కొమ్మల మీద ఆకుపచ్చగా మెరిసే జీరంగులుండేవి. వాటిని అగ్గిపెట్టెలో పెట్టి, తుమ్మాకు మేపి, బియ్యపు గింజంత గుడ్డు పెడితే ఊరంతా తిప్పి చూపించేవాళ్లం. తాకితే చుట్ట చుట్టుకునే రోకలిబండలు, పొదకూ పొదకూ నడుమ సాలెగూళ్లు, తొర్రలో తేనెటీగలు, రేల పూల మీద పేరు తెలియని సీతాకోకచిలుకలు. వాన వెలిసిన సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్లు లేచేవి. వాటిని పట్టి వేయించి జొన్న పేలాలతో కలిపి తినేవాళ్లమంటే నా మనవలు ముక్కు మూసుకుంటారు. అప్పుడు మేము మూసుకోలేదు, ఇంకో దోసెడు పెట్టమని చేతులు చాపేవాళ్లం.

ఆ అడవి మా మేనత్తది. కాగితం మీద కాదు, మాట మీద. ఆమె మా నాయనకు అక్క. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. ఎవరైనా శుభమా అని బయలుదేరుతుంటే మా నాయనమ్మ, కన్నతల్లి అయివుండి కూడా, "నువ్వు జర లోపటికి పో" అనేది. అత్త పోయేది. లోపలి నుంచి గిన్నెల చప్పుడు మాత్రం వీధి దాకా వినిపించేది. అయితే ఏడాదికి ఒక్క రోజు ఆ ఇల్లంతా గడప దగ్గర నిలబడి ఆమె ముఖం కోసమే ఎదురుచూసేది. మిరుగం, అదే మృగశిర కార్తె, వచ్చి తొలి వాన పడ్డాక ఆమె అడవిలోకి పోయి ఆరుద్ర పురుగుల కోసం వెతికేది. ఎర్రటి మఖమల్ గుడ్డను చిన్న చిన్న బొట్లుగా కత్తిరించి నేల మీద వదిలినట్టుంటాయి అవి. నేల లోపలిదాకా తడిస్తేనే పైకొస్తాయి. ఒకదాన్ని తడిమట్టితో సహా మోదుగాకులో పెట్టుకుని వచ్చి ఆకు విప్పి చూపేది. "వచ్చినయా అక్కా?" అని అడిగేవాడు నాయన. "వచ్చినయి, ఎడ్లను కట్టుండ్రి" అనేది అత్త. అప్పుడే విత్తనాల గొర్రు కదిలేది. తర్వాత ఆమె మళ్లీ పోయి ఆ పురుగును తీసిన చోటే వదిలి వచ్చేది. ఆ ఇంట్లో ఆమె మాటకున్న విలువంతా ఆ ఒక్క పొద్దులోనే ఉండేది.

అరవైలు మొదలయ్యే రోజుల్లో, వరసగా రెండు పంటలను కాయతొలిచే పురుగు తినేసింది. సేద్యం సలహాలు చెప్పే సర్కారు గ్రామసేవక్ తెల్లటి పొడి మందు ఇప్పించి చేను మీద చల్లమన్నాడు. ఆయన చెప్పింది చేను మీదనే. కానీ మా నాయన ఏ పనైనా మొదలంటా చేసే మనిషి. మాకు పేలు పడితే దువ్వెన జోలికి పోకుండా గుండు గీయించే రకం. "చేన్ల చంపితే ఏం ఫాయిదా? పురుగు పుట్టిల్లు గా అడివిల ఉన్నది" అన్నాడు. అత్త అడ్డం నిలబడింది. "గవి వేరు, గివి వేరు తమ్మీ. మన కందిల నోరు వెట్టని వాటిని ఎందుకు సంపుతవు?" అంది. నాయన విసుక్కున్నాడు. "నీకు తెల్వదక్కా. నువ్వు జర లోపటికి పో." తల్లి నోట ఆ మాట ఎన్నిసార్లు విన్నా తల వంచని మనిషి, తమ్ముడి నోట వినగానే తల వంచుకుని లోపలికి పోయింది. ఆ రోజు గిన్నెల చప్పుడు కాలేదు.

గోనెగుడ్డలో పొడి మూటకట్టి చేను మీద, అడవి మీద దులిపారు. మందు ముక్కిన వాసన ఇంటి దాకా కొట్టింది. మర్నాడు అడవిలో అడుగుపెడితే కాలికింద కరకరమంది. చీమలు, సాలీళ్లు, తేనెటీగలు, అన్నీ ఒకే నేల మీద కలిసి పడి ఉన్నాయి. ఎప్పుడూ రొదగా ఉండే చోటు మూగబోయింది. నాకు భయమేసి పరుగెత్తుకొచ్చాను. ఆ ఏడు కంది మస్తు పండింది. అదే మా ఖర్మ. పండకపోతే నాయన ఆ మందు మానేసేవాడేమో. పండింది కాబట్టి ఏటా అడవికి కూడా వాటా పెట్టాడు. మరుసటి మిరుగానికి ఆరుద్ర పురుగులు అక్కడొకటి ఇక్కడొకటి కనిపించాయి. ఆ తర్వాతి ఏడు అత్త వెళ్లిన మనిషి ఎంతకీ రాలేదు.

వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. చేతిలో మోదుగాకు పొట్లం ఉంది. "వచ్చినయా అక్కా?" అన్నాడు నాయన, ఎప్పటిలాగే. "వచ్చినయి" అంది అత్త. ఆకు విప్పలేదు. నాయన విప్పమని అనలేదు. ఆ పొట్లం వంక, తర్వాత అక్క ముఖం వంక చూశాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే చప్పున పక్కకు తిరిగి, "ఎడ్లను కట్టుండ్రి" అన్నాడు. ఆమె మాట పోకుండా నిలబెట్టడం ఒక్కటే ఇక ఆయన చేయగలిగింది. ఆ పొట్లం వదిలిరావడానికి పోతుంటే నేనూ వెంట పోయాను. రేల చెట్టు కింద కూర్చుని అత్త ఆకు విప్పింది. అందులో తడిమట్టి తప్ప ఏమీ లేదు. దాన్నే తీసిన చోట జాగ్రత్తగా పోసి, అరచేత్తో సదిరి, "ఒక్క పురుగు గూడ లేదే బిడ్డా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే. నేను పక్కన కూర్చున్నాను.

అలా ఇంకా కొన్నేళ్లు ఆమె మట్టిని మోసుకొచ్చింది, నాయన నమ్మినట్టు తల ఊపాడు. ఆమె మంచం పట్టాక మిట్ట కింద మంచి బండ ఉందని ఎవరో అంటే చెట్లు కొట్టించి బండ తీయించారు. వద్దనే మనిషి లేవలేని స్థితిలో ఉంది, తక్కినవాళ్లకు వద్దనడానికి కారణం కనబడలేదు. ఇప్పుడక్కడ నీళ్లు నిలిచిన గుంత ఉంది, దాని చుట్టూ కంది. అత్త పోయింది, నాయన కూడా పోయి చాలాకాలమైంది. ఇప్పటికీ ఏటా తొలి వాన పడగానే నేను బాల్కనీలోకి వెళ్లి పూలకుండీల్లో మట్టిని వేలితో కదిపి చూస్తాను. అందులో ఏమీ ఉండదని తెలుసు, అయినా చూస్తాను. మిరుగం తప్పకుండా వస్తూనే ఉంది, వచ్చిందని చెప్పేవాళ్లే ఎవరూ మిగల్లేదు.