ట్యాబులతో లెక్కలొస్తాయా?

బడికి ట్యాబులు వచ్చిన రోజు అందరూ సంబరపడ్డారు, ఒక్క లెక్కల టీచరు తప్ప. ఆవిడకు వాటిమీద కోపమేమీ లేదు. "వీటితో పిల్లలకు లెక్కలు బాగా వస్తాయా?" అని అడిగితే, తెచ్చినవాళ్ళ దగ్గర్నుంచి హెడ్మాస్టరు దాకా ఒక్కరూ తిన్నగా జవాబు చెప్పలేదు. అదీ ఆవిడ ఉక్రోషం.

"ఎవరూ చెప్పకపోతే నేనే తేల్చుకుంటా" అనుకుంది. ఏడో తరగతి రెండు సెక్షన్లూ ఆవిడవే. భిన్నాల పాఠం ఒక సెక్షనుకు ట్యాబులతో, రెండోదానికి నల్లబల్ల మీద చెప్పి, రెండింటికీ ఒకే పరీక్ష పెట్టాలని నిర్ణయించుకుంది. పేపర్లు దిద్దే పని సైన్సు టీచరుకు అప్పగించింది.

"పేర్లు కప్పేసి ఇస్తాను. ఏది ఏ సెక్షనో నువ్వు అడక్కూడదు, నేను చెప్పకూడదు."

"నీతో వేగలేనక్కా! సరే, దిద్దుతాలే" అంది సైన్సు టీచరు.

పాఠం సగంలో ఉండగా ఒక తల్లి బడిమీదికి వచ్చింది. "పక్క గదిలో వాళ్ళకు ట్యాబులు, మా అమ్మాయికి సుద్దముక్కా? మా పిల్లలేం పాపం చేశారు?"

"తర్వాతి పాఠానికి అటువి ఇటు మారుస్తానమ్మా. ఏది మంచిదో తెలియకే కదా ఈ తంటా" అని లెక్కల టీచరు నచ్చజెప్పి పంపింది. కానీ హెడ్మాస్టరుకు భయం పట్టుకుంది. లెక్కల టీచరు జ్వరమొచ్చి సెలవు పెట్టిన రోజు చూసి రెండో సెక్షనుకూ ట్యాబులు పంచేశాడు.

తిరిగొచ్చి చూసిన ఆవిడ నేరుగా హెడ్మాస్టరు గదికి వెళ్ళింది. "ఇక దేన్ని దేంతో పోల్చను సార్?"

"గొడవెందుకని ఇచ్చేశానమ్మా. సంతోషించాల్సింది పోయి..."

చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరైంది. "పోనీ, వదిలెయ్యరాదూ?" అన్నాడు ఇంట్లో భర్త.

"వదిలేస్తే రేపు ఏం తెచ్చి చేతిలో పెట్టినా చప్పట్లు కొట్టడమే మా పనవుతుందండీ."

మధ్యలో వేలు పెట్టనని హెడ్మాస్టరు దగ్గర మాట తీసుకుని, సెక్షన్లు అటూ ఇటూ మార్చి, దశాంశాల పాఠంతో మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి చివరిదాకా సాగింది. మొత్తం మార్కుల్లో రెండు సెక్షన్లకూ పెద్ద తేడా లేదు. తేడా అంతా లోపల ఉంది. క్లాసులో నోరు మెదపని పిల్లలు ట్యాబు మీద బాగా నేర్చుకున్నారు. తప్పు చేసినా నవ్వేవాళ్ళు లేరు మరి. చురుకైనవాళ్ళు మాత్రం కాగితం మీద లెక్క చెయ్యమంటే తెల్లమొహం వేశారు.

"ఒకటి తప్పయితే ఇంకోటి నొక్కుతాను టీచర్. ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఏదో ఒకటి కరెక్టే కదా!" అంది క్లాసు ఫస్టు వచ్చే పిల్ల, గొప్పగా.

పై అధికారుల సమావేశానికి ముందు హెడ్మాస్టరు అడిగాడు. "బాగున్నాయా, లేవా? ఒక్క ముక్కలో చెప్పండి."

"ఒక్క ముక్కలో తేలేదైతే ఇంత అవస్థ ఎందుకు పడతాను సార్?"

వేదిక మీద ఆవిడ నోరు మెదపని పిల్లల సంగతితో మొదలుపెట్టింది. అధికారి అక్కడే అందుకున్నాడు. "చూశారా! మాట్లాడని పిల్లలు కూడా నేర్చుకున్నారు!" చప్పట్లు మోగాయి. మైకు చేతులు మారింది. చురుకైనవాళ్ళ సంగతి చెప్పడానికి ఆవిడకు వీలే చిక్కలేదు.

తర్వాత కొన్నాళ్ళకే నల్లబల్లలు ఊడదీసి డిజిటల్ తెరలు బిగించడానికి మనుషులు వచ్చారు. ఆవిడ తన గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఈ గోడ జోలికి రాకండి!" హెడ్మాస్టరు పరుగున వచ్చి, తల పట్టుకుని, ఆ ఒక్క గదినీ వదిలెయ్యమన్నాడు.

"సాధించావక్కా!" అంది సైన్సు టీచరు.

"ఏం సాధించాను? నా మాటకు విలువిచ్చి కాదు, నా నోటికి జడిసి వదిలేశారు." ఆవిడ పాత పరీక్ష పేపర్లు ముందుకు లాక్కుంది. "ముందు కాగితం మీద చేయించి, ఆ తర్వాతే ట్యాబు ఇస్తే ఎలా ఉంటుందో చూడాలి. నీ సైన్సు పాఠంలో చేద్దామా?" అంది.

"చేద్దాం. జవాబొచ్చాక వినేదెవరక్కా?"

గంట కొట్టారు. ఆవిడ విసురుగా సుద్దముక్క అందుకుని క్లాసుకు వెళ్ళిపోయింది.